దుంగల గుడిసెలో ఒక బాల్యం – అబ్రహాం లింకన్

గొప్ప ఇంట పుట్టినవారే గొప్పవారు కాగలరన్న అపోహ మనలో చాలామందికి ఉన్నది. అబ్రహాం లింకన్ బాల్యం ఈ అపోహకు తగిన సమాధానం. అధ్యక్షుడుగా ఆయన చేసిన పనులు పాఠ్యపుస్తకాల ద్వారా మనకు తెలిసినవే. ఆయన కుటుంబం అడవి నడుమ గడిపిన పద్నాలుగేండ్లను మాత్రం ఎరిగినవారు తక్కువ. వానినే ఇక్కడ స్మరించుకొందాము.

లింకన్ 1809 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రంలో ఒంటిగది దుంగల గుడిసెలో జన్మించెను. తండ్రి థామస్ వ్యవసాయదారు, వడ్రంగి. తల్లి పేరు నాన్సీ. కెంటకీలో భూమి హక్కు పత్రాలు చిక్కులమయం. సొమ్ము చెల్లించి కొన్న నేల కూడ చేయి జారిపోయేది. పైగా అది బానిసత్వం చెల్లుబాటయ్యే రాష్ట్రం. ఈ కారణాలచేత 1816 చివర ఆ కుటుంబం ఒహాయో నది దాటి ఇండియానా అడవులకు తరలిపోయింది. అప్పటికి బాలునికి ఏడేండ్లు, అక్క సారాకు తొమ్మిది.

అక్కడ పొలమన్నది లేదు. చెట్లు కొట్టి పొలం చేసుకోవలసినదే. ఎనిమిదేండ్లయినా నిండని పిల్లవాని చేతికి గొడ్డలి వచ్చింది. ఇరువది మూడవ యేటి వరకు అది ఆ చేతిని విడువలేదు. 1817లో థామస్ ఎకరా రెండు డాలర్ల చొప్పున 160 ఎకరాలు ప్రభుత్వం నుండి తీసుకొన్నాడు. కాని అంత సొమ్ము కట్టలేక, 1827లో సగం వదలుకొని 80 ఎకరాలతో తృప్తిపడ్డాడు. ఒప్పందాల పేరిట ఆదివాసి జాతులను తొలగించిన తరువాతనే ఆ నేల అమ్మకానికి వచ్చినదన్న సంగతిని మనం మరువరాదు.

1818లో ఆ ప్రాంతాన్ని పాలజబ్బు అనే వ్యాధి పట్టి పీడించింది. తెల్లని పూలు పూచే ఒక అడవి మొక్కను మేసిన ఆవుల పాలు విషమయ్యేవి. ఈ కారణం అప్పటివారికి తెలియదు. చేరువలో వైద్యుడూ లేడు. అక్టోబరు 5న నాన్సీ కన్నుమూసింది. భర్తయే స్వయంగా పలకలు కోసి శవపేటిక చేశాడు. పదకొండేండ్ల సారా మీద వంట, ఇంటిపని పడ్డాయి.

మరుసటి సంవత్సరం డిసెంబరులో థామస్ కెంటకీకి పోయి సారా బుష్ అనే వితంతువును వివాహమాడి తెచ్చెను. ఆమెతో ముగ్గురు పిల్లలు వచ్చారు. సవతి తల్లి అనగానే మన కథలు ఒక క్రూరమూర్తిని కన్నుల ముందు నిలుపుతాయి. ఈమె అందుకు భిన్నమైనది. మట్టినేల గుడిసెకు చెక్కల నేల వేయించింది. తల్లిలేని పిల్లలను తన పిల్లలతో సమంగా చూసింది. తనకు చదువు రాకున్నా అబ్రహాం చదువుకు అడ్డు రానీయలేదు. ఆయన బడికి పోయిన దినాలన్నీ కలిపినా ఒక సంవత్సరం కాదు. మిగిలినదంతా అరువు పుస్తకాల చదువే. అట్లు తెచ్చిన వాషింగ్టన్ జీవితచరిత్ర వానకు తడిసిపోగా, యజమాని పొలంలో కూలిచేసి దాని వెల తీర్చాడు.

1828లో అక్క సారా ప్రసవ సమయంలో మరణించింది. 1830లో కుటుంబం ఎడ్లబండ్లపై ఇల్లినాయికి కదలిపోయింది. 1861 జనవరిలో, అధ్యక్ష పదవి చేపట్టబోయే ముందు, లింకన్ ప్రత్యేకంగా వెళ్లి సవతి తల్లిని దర్శించుకొన్నాడు. అదే వారి కడపటి కలయిక. 1865 ఏప్రిల్‌లో ఆయన హత్యకు గురికాగా, ఆ తల్లి 1869 వరకు జీవించింది.

ఏడాదియైనా బడి ఎరుగని ఆయన, 1862లో వ్యవసాయ, యంత్ర విద్యల కళాశాలలకు ప్రభుత్వ భూములను కేటాయించే చట్టంపై సంతకం చేశాడు. మరుసటి జనవరి 1న బానిసల విముక్తి ప్రకటన వెలువరించాడు. తనకు దొరకని చదువును ఇతరులకు దొరికేటట్లు చేయడంలోనే ఆయన ఔన్నత్యమున్నదని మా విశ్వాసం. మన గ్రంథాలయంలో పుస్తకాలకు కొదువ లేదు. వానిని తెరచి చదివే ఓపిక మాత్రం మనమే అలవరచుకోవాలి.