క్యూ సకమోటో: ఒక పాట, ఒక విమానం

జపాన్ భాషలో ‘క్యూ’ అంటే తొమ్మిది. 1941 డిసెంబరు 10న కవాసాకిలో, తొమ్మిదో సంతానంగా పుట్టిన పిల్లవాడికి తల్లిదండ్రులు ఆ అంకెనే పేరుగా పెట్టారు. యుద్ధకాలంలో తల్లి చిన్నపిల్లల్ని తీసుకుని పుట్టింటికి, ఇబారకి ప్రాంతంలోని కసామాకు వెళ్లిపోయింది. 1943లో త్సుచియురా వద్ద జరిగిన ఘోర రైలు ప్రమాదం నుంచి వాళ్లు వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు.

పదిహేడేళ్లు నిండకముందే రాక్ అండ్ రోల్ బృందాల్లో పాడాడు. 1961లో వచ్చిన ‘ఉయె ఓ ముయితె అరుకో’ (తల పైకెత్తి నడుద్దాం) అతని జీవితాన్ని మార్చింది. అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా సాగిన ఉద్యమం విఫలమైన బాధలోంచి రొకుసుకె ఎయి రాసిన పాట అది. సంగీతం హచిడాయ్ నకమురాది. జపనీస్ పేరు పలకడం కష్టమని పాశ్చాత్య కంపెనీలు దానికి ‘సుకియాకి’ అని పేరు పెట్టాయి. అది ఒక మాంసం వంటకం పేరు, పాటతో ఏ సంబంధమూ లేదు! అయినా 1963 జూన్‌లో ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఆసియా గాయకుడెవరికీ అంతకుముందు దక్కని ఘనత అది.

తర్వాత అంతటి విజయం మళ్లీ రాలేదు. టీవీ, సినిమాలు, సేవా కార్యక్రమాలతో స్వదేశంలో ఆదరణ మాత్రం తగ్గలేదు. 1971లో నటి యుకికో కాషివగిని పెళ్లాడాడు. ఇద్దరు కూతుళ్లు.

ఆ రోజుల్లో జపాన్ విమానయానాన్ని ప్రభుత్వమే పంచిపెట్టింది. అంతర్జాతీయ మార్గాలు ప్రభుత్వ వాటా ఉన్న జపాన్ ఎయిర్‌లైన్స్‌కు, దేశీయ మార్గాల్లో పెద్ద భాగం ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్‌కు. సకమోటో దేశంలో తిరిగేటప్పుడు ఆల్ నిప్పన్‌నే ఎంచుకునేవాడని చెబుతారు. 1985 ఆగస్టు 12న, పెద్దల్ని స్మరించుకునే ఒబోన్ పండుగ రద్దీలో, అతను ఎక్కింది మాత్రం జపాన్ ఎయిర్‌లైన్స్ 123. హనేడా నుంచి ఒసాకాకు, ఒక మిత్రుడి ఎన్నికల ప్రచారం కోసం.

ఆ బోయింగ్ 747 రకం తక్కువ దూరాలకు, ఎక్కువసార్లు ఎగిరి దిగేందుకు తయారైంది. ఏడేళ్ల క్రితం, 1978లో ఒసాకాలో దిగేటప్పుడు దాని తోక నేలను రాసుకుంది. వెనుక భాగంలో గాలి ఒత్తిడిని ఆపే గోడను బోయింగ్ సిబ్బందే మరమ్మతు చేశారు. ఒకే పలకగా ఉండాల్సిన అతుకును రెండు ముక్కలు చేయడంతో, రెండు వరుసల రివెట్లు మోయాల్సిన బరువు ఒకే వరుసపై పడింది. ఆ తర్వాత 12 వేలకు పైగా ప్రయాణాలు చేసింది ఆ విమానం. తనిఖీల్లో పగుళ్లు ఎవరికీ కనబడలేదు.

సాయంత్రం 6.24కి గోడ పగిలింది. తోకలో చాలా భాగం ఊడిపోయింది, నాలుగు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. ఇంజిన్ల శక్తిని పెంచుతూ తగ్గిస్తూ పైలట్లు అరగంటకు పైగా పోరాడారు. 6.56కి గున్మా ప్రాంతంలో కొండపై కూలింది. 524 మందిలో బతికింది నలుగురే. ఒకే విమానం కూలిన ఘటనల్లో నేటికీ ఇదే అతిపెద్ద ప్రాణనష్టం. రక్షణ బృందాలు మర్నాటి ఉదయానికి గానీ చేరలేకపోయాయి. రాత్రంతా ఇంకొందరు ప్రాణాలతో ఉన్నారన్నది బతికినవారి సాక్ష్యం, ఆ ఆలస్యంపై జపాన్‌లో కోపం నేటికీ చల్లారలేదు.

సకమోటో వయసు 43. మృతదేహాన్ని గుర్తుపట్టడానికి ఆధారమైంది మెడలోని పతకం. బాల్యం గడిపిన కసామాలోని ఇనారి ఆలయానిది అది.

ప్రమాదం తర్వాత జపాన్ ఎయిర్‌లైన్స్ అధ్యక్షుడు రాజీనామా చేశారు, 1987లో సంస్థ పూర్తిగా ప్రైవేటుపరమైంది. అప్పటికే ఆల్ నిప్పన్ విదేశీ మార్గాల్లోకి వచ్చేసింది. ఆ పగిలిన గోడ ముక్కల్ని 2006లో హనేడా దగ్గర తెరిచిన భద్రతా కేంద్రంలో ఉంచారు. సంస్థ ఉద్యోగులకు శిక్షణలో భాగంగా వాటిని చూపిస్తారు.