సీసాలో కెక్కిన పేరు – విలియం హార్లిక్

విలియం హార్లిక్ ఎవరయ్యా అని అడిగితే మన కాలేజీలో చాలామంది తెల్లమొహం వేస్తారు. హార్లిక్స్ అంటే మాత్రం తెలియనివాళ్ళుండరు. జ్వరం తగ్గి లేచినవాడికి, పురిటింటికి, ఆస్పత్రిలో పడుకున్న పెద్దాయనకి ఆ సీసా పట్టుకెళ్ళడం మన తెలుగునాట ఒక మర్యాదగా స్థిరపడిపోయింది. ఖాళీ అయ్యాక దాంట్లో పోపు దినుసులో పచ్చడో పెట్టుకుంటాం, అది వేరే సంగతి. నేను అనకాపల్లివాణ్ణి, బెల్లం ఊరివాణ్ణి. ఒక తిండిసరుకు మనిషి పేరును తనలో కలిపేసుకుని సముద్రాలు దాటి మా వీధి చివరి కొట్టు దాకా ఎట్లా వచ్చిందా అన్న కుతూహలమే నన్ను ఈయన జీవితం చదివించింది.

విలియం 1846లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో రూఆర్డీన్ అనే పల్లెలో పుట్టాడు. అన్నగారు జేమ్స్ రెండేళ్ళు పెద్ద. మందుల తయారీ చదువుకున్నవాడు. లండన్‌లో పసిపిల్లలకు పొడి ఆహారం చేసే కంపెనీలో కొన్నాళ్ళు పనిచేశాడు. తమ్ముడు 1869లో అమెరికా వెళ్ళిపోయాడు. 1873లో అన్న కూడా వెళ్ళి కలిశాడు. ఇద్దరూ చికాగోలో చిన్న వ్యాపారం పెట్టి, కొద్దికాలానికే విస్కాన్సిన్ రాష్ట్రంలోని రేసీన్ అనే ఊరికి మార్చారు. తెలివి అన్నది, ఊరు తమ్ముడిది అనుకోవచ్చునేమో.

ఆ రోజుల్లో పట్నాల్లో పాల సంగతి ఘోరంగా ఉండేది. ఫ్రిజ్ లేదు. ఎండాకాలం పాలు ఇంటికి చేరేలోపే పాడయ్యేవి. తల్లిపాలు లేని పసివాళ్ళు ఆ పాలు తాగి విరేచనాలతో పోయేవారు. కాబట్టి ఈ అన్నదమ్ములు వెదికింది రుచి కాదు, చెడిపోని పాలు. వాళ్ళు మొదట చేసిన పొడిని పాలల్లోనే కలపాలి. పాలే చెడ్డవైతే పొడి ఏం చేస్తుంది? చివరికి పాలను కూడా పొడిలోనే ఇమిడ్చే పద్ధతి పట్టారు. బార్లీ గింజల్ని నానబెట్టి మొలకెత్తిస్తారు. మొలకలో పుట్టే ఎంజైము గింజలోని పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడుతుంది. ఆ మొలకధాన్యాన్ని గోధుమపిండితో నీళ్ళలో వేడిచేసి, వడగట్టి, పాలు కలిపి, గాలి తీసేసిన పాత్రలో తక్కువ వేడి మీద నీరంతా ఇగిరిస్తారు. మిగిలిన గట్టిపదార్థాన్ని పొడి కొడతారు. వేడినీళ్ళు పోస్తే చాలు. దీనికి 1883లో విలియం పేటెంటు తీసుకున్నాడు.

ఇది చదివినప్పుడు నాకు మొదట తట్టింది మన రాగులు. రాగుల్ని మొలకెత్తించి ఎండబెట్టి పిండి విసిరి జావ కాచడం మన అమ్మమ్మలకు ఎవరూ నేర్పలేదు. జరిగే రసాయన క్రియా అదే. తేడా ఎక్కడొచ్చిందంటే, హార్లిక్ పాలను నిలవ చేశాడు, మూత బిగించాడు, పేరు అచ్చువేశాడు. ప్రతి సీసా ఒకేలా ఉంటుందని కొనేవాడికి నమ్మకం కుదిర్చాడు. 1887లో మాల్టెడ్ మిల్క్ అన్న మాటను కూడా రిజిస్టరు చేసేసుకున్నారు. మా అనకాపల్లి మార్కెట్టు బెల్లం పేరున్న సరుకే. 1913 నుంచీ చెరకు పరిశోధన కేంద్రం కూడా ఊళ్ళో ఉంది. అయినా యార్డు దాటిన దిమ్మ మీద పండించినవాడి పేరుండదు, వండినవాడి పేరుండదు. ఈ విషయం మన కామర్సు విద్యార్థులు కొంచెం ఆలోచించవలసిందే.

వ్యాపారం పెరిగిన తీరు ఇంకా ఆసక్తికరం. మొదట పసిపిల్లలు, రోగులు. అంటే డాక్టర్లు, ఆస్పత్రులు. డాక్టరు నోట వచ్చిన మాటకు ఇంట్లో ఎదురుండదు గదా! తరవాత దూరప్రయాణాలవాళ్ళు. బరువు తక్కువ, చెడదు, వండక్కర్లేదు. అముండ్‌సెన్, స్కాట్ వంటి ధ్రువయాత్రికులు మంచుఖండానికి ఈ పొడిని వెంట తీసుకెళ్ళారు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులకు బిళ్ళల రూపంలో అందింది. మంచులో నడిచినవాడు తిన్నాడంటే మన పిల్లాడికి బలం రాదా అని తల్లి అనుకుంటుంది. సంస్థలు కొన్న సరుకుకు ఇళ్ళలో గౌరవం అట్లా వచ్చింది. అమెరికాలో మటుకు కథ పక్కదారి పట్టింది. అక్కడ సోడా దుకాణాల్లో ఐస్‌క్రీములో కలిపి తాగడం మొదలెట్టారు, రోగుల ఆహారం కుర్రకారు షోకైపోయింది!

జేమ్స్ 1890లో లండన్ తిరిగివెళ్ళాడు. 1908 నాటికి స్లౌ అనే ఊళ్ళో పెద్ద ఫ్యాక్టరీ లేచింది. 1914లో ఆయనకు బారొనెట్ బిరుదు వచ్చింది, 1921లో పోయాడు. విలియం రేసీన్‌లోనే ఉండిపోయాడు. 1928లో అక్కడ తెరిచిన హైస్కూలుకు ఆయన పేరే పెట్టారు. ముసలితనంలోనూ సాహసయాత్రలంటే మోజు తగ్గలేదు. అమెరికన్ యాత్రికుడు బర్డ్ 1933లో అంటార్కిటికా బయలుదేరితే సాయంచేశాడు. బర్డ్ అక్కడ ఒక పర్వతశ్రేణికి హార్లిక్ పేరు పెట్టాడు. 1936లో తొంభై ఏళ్ళు నిండి విలియం కన్నుమూశాడు.

ఆ దశాబ్దంలోనే ఇంగ్లండులో కంపెనీవాళ్ళు కొత్త ప్రకటనలు మొదలెట్టారు. రాత్రి నిద్రలో మనిషి ఆకలితో నీరసిస్తాడని, పడుకోబోయే ముందు ఒక కప్పు తాగితే తగ్గిపోతుందని. ఏ డాక్టరూ కనిపెట్టని జబ్బు అది. చెడ్డపాల నుంచి పసివాళ్ళను కాపాడాలని పుట్టిన వస్తువు, లేని జబ్బుకు మందు కావడం నాకు బాధ కలిగించింది.

మన దేశానికి దీన్ని మొదటి యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలు పరిచయం చేశారంటారు. చాలాకాలం కలిగినవాళ్ళ ఇళ్ళలోనే ఉండేది. 1960లో పంజాబులోని నాభాలో ఫ్యాక్టరీ వచ్చింది. ఇక్కడ దొరికేది గేదెపాలు గనక తయారీని దానికి తగ్గట్టు మార్చుకున్నారు. 1970లలో మన రాజమండ్రిలో మరో ఫ్యాక్టరీ వెలిసింది. 1975లో విలియం కట్టిన రేసీన్ ఫ్యాక్టరీ మూతపడింది. పుట్టింట దీపం ఆరింది, మెట్టినింట వెలిగింది. పుట్టించినవాళ్ళ దేశాల్లో కంటే ఇండియాలోనే ఇది ఎక్కువ అమ్ముడవుతోంది. దక్షిణాది, తూర్పు రాష్ట్రాలే దీనికి పెద్ద గిరాకీ.

యజమానులు ఎందరో మారారు. 1969లో బీచమ్, ఆపైన గ్లాక్సో, 2020లో హిందుస్తాన్ యూనిలీవర్. 2024లో కేంద్రప్రభుత్వం ఇటువంటి పానీయాలను ఆన్‌లైన్ దుకాణాల్లో ఆరోగ్య పానీయాల కింద చూపవద్దని చెప్పింది. చట్టంలో ఆ మాటకు నిర్వచనమే లేదట. కంపెనీ కూడా సీసా వర్గం పేరు మార్చుకుంది. అయినా కూలిడబ్బు లెక్కపెట్టుకుని, గుడ్లూ పప్పూ మానుకుని, రోగికి ఒక సీసా కొనే తల్లి మా ఊళ్ళో ఈ రోజుక్కూడా కనబడుతుంది. ఆవిడ దాని మీద ఏం అచ్చువేశారో చదవదు. మూత మీద కాగితం చిరగలేదు గదా అని మాత్రం చూసుకుంటుంది.