వల్లోవ లోయ నాయకుడు జోసెఫ్

ఉత్తర అమెరికా పశ్చిమ భాగమున, నేటి ఓరెగన్ రాష్ట్రపు ఈశాన్య మూలను, వల్లోవ అను లోయ కలదు. చుట్టును మంచుకొండలు, నడుమ నిర్మలమైన సరస్సు, దట్టమైన పచ్చిక, ఏటేట సముద్రమునుండి ఏటికెదురీది వచ్చు సాల్మన్ చేపలు. వేసవి నీ లోయలో గడుపుచు, చలికాలమున దిగువనున్న వెచ్చని లోయలకు తరలిపోవుచు, గుర్రములను పెంచుకొని తరతరములుగా జీవించిన జనులు నిమీపు జాతివారు. ఫ్రెంచి వర్తకులు వారికి నెజ్ పెర్స్ అని పేరిడిరి. ముక్కు కుట్టించుకొన్నవారని దాని యర్థము. ఆ యాచారము వారిలో అంతగా లేకున్నను, పరులు పెట్టిన పేరే లోకమున నిలిచెను.

జోసెఫ్ 1840లో జన్మించెను. స్వజనులు ఆయన కిడిన పేరునకు కొండలమీదుగా దొర్లిపోవు ఉరుము అని యర్థము. తండ్రి తువెకాకస్, స్పాల్డింగ్ అను మిషనరీ వలన జ్ఞానస్నానము పొంది జోసెఫ్ అను పేరు స్వీకరించెను. ఆ పేరే కుమారునకును సంక్రమించెను.

1855లో వాషింగ్టన్ ప్రాంతపు గవర్నరు ఐజక్ స్టీవెన్స్ వాలా వాలా అనుచోట ఆదివాసి జాతుల పెద్దలను సమావేశపరచి ఒడంబడికలు చేసికొనెను. నెజ్ పెర్స్ వారు తమ భూములలో కొంత భాగము నిచ్చివేసి, సుమారు 75 లక్షల ఎకరములు తమకే యుంచుకొనిరి. వల్లోవ అందులోనిదే. పూర్వమునుండి చేపలు పట్టుచున్న తావులన్నిటను పట్టుకొను హక్కును గూడ వారు నిలుపుకొనిరి. ఇచ్చట నొక సంగతి గమనింపదగినది. ఆ భూమిగాని, ఆ హక్కుగాని ప్రభుత్వము దయచేసినది కాదు. ఉన్నదానిలో కొంత ఇచ్చి, తక్కినది తమ యొద్దనే యుంచుకొన్నవారు ఆదివాసులు. పెద్ద జోసెఫ్ ఈ యొడంబడికపై తన గుర్తు పెట్టెను.

1860లో ఆ నేలలో బంగారము బయటపడెను. గనులకై వేలకొలది జనులు చొరబడిరి. 1863లో ప్రభుత్వము రెండవ ఒడంబడికను తెచ్చి, వారి భూమిలో పదింట తొమ్మిది పాళ్లు తీసికొనెను. నెజ్ పెర్స్ జాతికి రాజు లేడు. ప్రతి సమూహమునకు దాని పెద్ద దానికే. ఒక లోయవాడు మరియొక లోయను గూర్చి మాట యిచ్చుటకు అధికారము లేదు. అయినను, కొత్త హద్దులకు లోపల తమ యిండ్లు నిలిచియున్న కొందరు సంతకములు చేయగా, హద్దుల వెలుపలివారి భూములు పోయెను. పెద్ద జోసెఫ్ సంతకము చేయలేదు. తన యొద్దనున్న బైబిలును చింపివేసెనని చెప్పుదురు. 1871లో మరణించుటకు ముందు ఆయన కుమారుని చేరబిలిచి, తల్లిదండ్రుల యెముకలున్న నేలను ఎన్నటికిని అమ్మవలదని మాట తీసికొనెను.

అప్పటికి జోసెఫ్‌కు ముప్పది యేండ్లు దాటినవి. ఆయన యోధుడుగా గాక, నెమ్మదిగా మాటలాడు మధ్యవర్తిగా పేరొందెను. ఆయన వాదమును తరువాతి కాలమున తానే యొక పోలికతో వివరించెను. ఒకని గుర్రములు మరియొకనికి నచ్చినవి. యజమాని అమ్మనొల్లడు. అంతట నాతడు పొరుగువానికి సొమ్మిచ్చి, గుర్రములు కొన్నానని వచ్చి తోలుకొనిపోవజూచును. వల్లోవ కొనుగోలు ఇట్టిదే యని జోసెఫ్ వాదము. ఊళ్లలో దస్తావేజుల తగవులు చూచిన వారికి దీని బలమును వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ వాదమును ప్రభుత్వమువారు సైతము పూర్తిగా త్రోసిపుచ్చలేకపోయిరి. 1873లో గ్రాంట్ అధ్యక్షుడు లోయలో కొంత భాగమును ఆ జనులకు ప్రత్యేకించుచు ఉత్తరువిచ్చెను. వలసవారు కదలలేదు. రెండేండ్లకు ఆ యుత్తరువే రద్దయ్యెను. 1876లో సైన్యమునకే చెందిన మేజర్ వుడ్ అను నధికారి, సంతకము చేయనివారిని 1863 నాటి ఒడంబడిక బంధింపజాలదని నివేదిక వ్రాసెను. నివేదిక నివేదికగానే యుండెను.

1877 మే నెలలో జనరల్ హోవర్డ్ లాప్వాయిలో సభ జరిపి, ముప్పది దినములలో వల్లోవను విడిచి రిజర్వేషనుకు చేరవలెనని గడువు పెట్టెను. భూమిని గూర్చి ఎదురాడిన తూహూల్‌హూల్‌జోట్ అను పెద్దను నిర్బంధములో నుంచెను. తన జనుల రక్తము నేలపాలగుట కిష్టపడక జోసెఫ్ తలయొగ్గెను. స్నేక్ నది వరదలో నుండగా వృద్ధులతో, పసిబిడ్డలతో దానిని దాటిరి. మనుష్యులు గట్టెక్కిరిగాని పశువులనేకము కొట్టుకొనిపోయెను. గడువు తీరునంతలో, తండ్రిని తెల్లవారి చేతిలో కోల్పోయిన యొక యువకుడును అతని తోడివారును కొందరు వలసవారిని చంపిరి. జోసెఫ్ అప్పుడు శిబిరములో లేడు. యుద్ధము మాత్రము అందరిమీదను పడెను.

ఆ యుద్ధకథ పలుమారు వ్రాయబడినది. స్త్రీలు, పిల్లలతో కూడి సుమారు 750 మంది, కెనడాలో ఆశ్రయము గోరి, సైన్యమును తప్పించుకొనుచు దాదాపు 1,900 కిలోమీటర్లు నడిచిరి. బిగ్ హోల్ అనుచోట తెల్లవారుజామున సైన్యము విరుచుకుపడగా మరణించినవారిలో అనేకులు స్త్రీలు, పిల్లలు. పత్రికలు జోసెఫ్‌ను ఎఱ్ఱ నెపోలియన్ అని కీర్తించెను. ఇది పొరపాటు. యుద్ధవ్యూహములు పన్నినవారు లుకింగ్ గ్లాస్, ఆయన తమ్ముడు ఒల్లొకోట్ మొదలగువారు. శిబిరమును, అశక్తులను కాపాడుట జోసెఫ్ వంతు. నిజమునకు అది చిన్న పని కాదు.

కెనడా సరిహద్దు నలుబది మైళ్లున్నదనగా బేర్ పా కొండలయొద్ద వారు ముట్టడింపబడిరి. మంచు కురియుచుండెను. ఒల్లొకోట్, లుకింగ్ గ్లాస్ మరణించిరి. తమ దేశమునకు తిరిగి పంపుదుమని జనరల్ మైల్స్ మాట యియ్యగా, 1877 అక్టోబరు 5న జోసెఫ్ తుపాకి నప్పగించెను. ఆ మాటను పై యధికారియగు షెర్మన్ చెల్లనీయలేదు. వారిని కాన్సాసుకు, అటనుండి నేటి ఓక్లహోమా ప్రాంతమునకు తరలించిరి. ఆ యుడుకు నేలలో మలేరియా వలన ఎందరో చనిపోయిరి. జోసెఫ్ పసికూతురును అచ్చటనే మట్టిలో కలిసెను.

అప్పటినుండి ఆయన యాయుధము మాటయే. 1879లో వాషింగ్టన్ వెళ్లి పెద్దలయెదుట తన జనుల వృత్తాంతము చెప్పెను. ఆ యేడే అది పత్రికలో ప్రకటితమయ్యెను. 1885లో తుదకు వాయవ్యమునకు తిరిగి వచ్చుటకు అనుమతి లభించెను. కాని జోసెఫ్‌ను, ఆయన వెంటనున్న సుమారు 150 మందిని లాప్వాయికి రానీయక, వాషింగ్టన్ ప్రాంతములోని కొల్విల్ రిజర్వేషనుకు పంపిరి. 1887 నాటి చట్టము ననుసరించి లాప్వాయి భూమిని ముక్కలుచేసి కుటుంబములకు పంచునపుడు, ఆయనయు ఒక ముక్క తీసికొనగలిగెడివాడు. తీసికొనలేదు. తన భూమి వల్లోవయందున్నదనియే ఆయన నిలిచెను.

1899లో వల్లోవకు పోయి, కొంత నేలనైనను కొననిండని యడుగగా వలసవారు పరిహసించిరి. మరుసటి యేడు ప్రభుత్వ తనిఖీదారుతో మరల వెళ్లెను. తండ్రి సమాధి చుట్టును ఒక వలసవాడు కంచె కట్టించి కాపాడియుండుట చూచి కన్నీరు పెట్టెను. ఆ లోయలోని జనులందరును ఒక్క తీరువారు కారు. కాని తనిఖీదారు నివేదిక ప్రతికూలముగానే వచ్చెను. 1904 సెప్టెంబరు 21న నెస్పెలెములో జోసెఫ్ మరణించెను. గుండె పగిలి మరణించెనని వైద్యుడు చెప్పెను.

1855 ఒడంబడికలోని చేపల హక్కు నేటికిని చెల్లుచున్నది. 1997లో ఆ జాతివారు వల్లోవ ప్రాంతమున పదివేల యెకరములకు పైగా తిరిగి సంపాదించిరి. 2020లో జోసెఫ్ పేరనే వెలసిన పట్టణము చెంత మరి 148 ఎకరములు కొనిరి. తండ్రి యస్థికలు 1926 నుండి వల్లోవ సరస్సు తీరమున నున్నవి. కుమారుని సమాధి నెస్పెలెములోనే యున్నది.