పట్టా కన్నా పాత హక్కు: కొమురం భీం జీవితం

తెలంగాణలో కొమురం భీం పేరు వినని ఇల్లు ఉండదు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది. ఆయన పేరుతో ఒక జిల్లా ఉంది, ఒక సాగునీటి ప్రాజెక్టు ఉంది. ఐతే ఆయన గురించి చాలామందికి తెలిసింది ఒక్క ముక్కే: నిజాం మీద తిరగబడ్డ గోండు వీరుడు. ఆ మాట నిజమే. కానీ అక్కడితో ఆపేస్తే అసలు తగాదా దేని గురించో తెలియకుండా పోతుంది. భీం సర్కారును కొత్తగా ఏదీ అడగలేదు. తాతముత్తాతలు తరతరాలుగా సాగు చేసుకున్న అడవి జాగలో తమను బతకనివ్వమని అడిగారు. ఆ హక్కు పట్టా కాగితం కన్నా పాతది. నిజాం రాజ్యం కన్నా కూడా పాతది.

గోండు రాజుల కాలం

ఇప్పటి ఆసిఫాబాద్, సిర్పూర్, ఉట్నూర్ ప్రాంతాలు మధ్యయుగాల్లో గోండు రాజుల ఏలుబడిలో ఉండేవి. చాందా గోండు వంశం మొదట సిర్పూర్ నుంచే పాలించిందని, తర్వాత రాజధాని బల్లార్షాకు, అక్కడి నుంచి చాందాకు, అంటే ఇప్పటి చంద్రపూర్‌కు మారిందని ఆ వంశ చరిత్ర చెబుతుంది. అక్బర్ కొలువులో అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఎ-అక్బరీలో చాందా గోండు రాజు, ఆయన సైన్యం ప్రస్తావన ఉంది. 1667లో ఔరంగజేబు సేనాని దిలేర్ ఖాన్ దండెత్తి వచ్చి చాందా నుంచి భారీగా కప్పం వసూలు చేశాడు. కప్పం తీసుకుని వెళ్లిపోయాడే గానీ అడవిలోని ఊళ్ల కట్టుబాట్ల జోలికి రాలేదు. పొరుగున ఉన్న దేవ్‌గఢ్ గోండు రాజు ఔరంగజేబు కాలంలోనే ఇస్లాం స్వీకరించి బఖ్త్ బులంద్ షా అయ్యాడు. నాగ్‌పూర్ పట్టణానికి పునాది వేసింది ఆయనే. అంటే గోండులకూ ముస్లింలకూ మధ్య పరిచయం నిన్నమొన్నటిది కాదు. అందులో యుద్ధం ఉంది, దోస్తీ ఉంది, రిష్తా కూడా ఉంది.

ఆ రాజ్యంలో భూమి లెక్క వేరు. రాజు కింద మోకాషీలు, వాళ్ల కింద ఊరికో పట్లా ఉండేవారు. పొలం ఎవరు ఎక్కడ దున్నాలో ఊరే తేల్చుకునేది. నాలుగైదేళ్లు ఒక చోట పంట తీసి, నేల సత్తువ తగ్గగానే దాన్ని బీడుగా వదిలి పక్కకు జరిగేవారు. కొన్నేళ్లకు మళ్లీ అదే జాగకు వచ్చేవారు. కొండవాలులో పోడు కొట్టుకునే కోలాంల పద్ధతి కూడా దాదాపు ఇదే. ఎవరి వంశం ఏది, ఎవరి దేవుడు ఎక్కడున్నాడు, ఏ గూడెం ఎవరిది అన్న లెక్కంతా కింగ్రి వాయిస్తూ కథలు చెప్పే ప్రధాన్ల నోట భద్రంగా ఉండేది. వాళ్లకు అదే రికార్డు, అదే దస్తావేజు.

ఆ రోజుల్లో అడవిలో తిరిగేది గోండులు, కోలాంలు మాత్రమే కాదు. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని బంజారాల గుంపులు దక్కనంతా తిరిగేవి. మొగల్ సైన్యాలకు తిండిగింజలు చేరవేసింది కూడా వాళ్లే. స్థిరంగా ఒకచోట ఉండనివాళ్లకు కూడా ఆ సమాజంలో ఒక పని, ఒక స్థానం ఉండేవి.

1751లో నాగ్‌పూర్ భోంస్లేలు చాందా రాజ్యాన్ని కలిపేసుకున్నారు. తర్వాత పెన్‌గంగకు దక్షిణాన ఉన్న గోండు ఊళ్లు నిజాం రాజ్యంలో భాగమయ్యాయి. రాజులు మారినా చాలాకాలం అడవిలో బతుకు మారలేదు. మారింది సర్వే గొలుసు వచ్చాకే.

సర్వే, రిజర్వు, రైలు

సర్వే చేసినవాళ్లు దున్నుతున్న భూమిని రాసుకున్నారు. బీడుగా వదిలినదాన్ని సర్కారు భూమి అన్నారు. గోండుల సాగు నడిచేదే బీడు మీద. కాబట్టి ఒక్క కలం పోటుతో వాళ్ల సగం భూమి వాళ్లది కాకుండా పోయింది. పట్టా లేకుండా ఏడాదికేడాది శిస్తు కట్టి దున్నుకునే సివాయి జమాబందీ పద్ధతిలో చాలామంది మిగిలారు. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాల్సిందే. ఇంకోవైపు అడవి శాఖ రిజర్వు హద్దులు గీసింది. హద్దు లోపల పడ్డ గూడేలు రాత్రికి రాత్రే అక్రమం అయిపోయాయి. పశువులు మేపితే పన్ను, కట్టె కొడితే జుర్మానా, అది కట్టలేకపోతే జంగ్లాతు చౌకీదారుకు మామూలు.

1920ల చివర్లో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయింది. దాంతో కరీంనగర్ వైపు నుంచి, మహారాష్ట్ర వైపు నుంచి రైతులు, వ్యాపారులు, అప్పులిచ్చేవాళ్లు అడవిలోకి వచ్చారు. వాళ్లకు కచేరీ తెలుసు, దరఖాస్తు రాయించడం తెలుసు. గోండులకు తెలిసింది గోండీ. కాగితాలేమో ఉర్దూలో ఉండేవి. పట్వారీ ఏం రాస్తే అదే నిజమైపోయింది.

సంకేపల్లి నుంచి అస్సాం దాకా

భీం ఆసిఫాబాద్ దగ్గర సంకేపల్లి గూడెంలో పుట్టారు. పుట్టిన సంవత్సరం 1901 అని చెబుతారు. తండ్రి పేరు చిన్నూ. జంగ్లాతు సిబ్బందితో వచ్చిన గొడవలో తండ్రి చనిపోయాడని, అప్పటికి భీంకు పదిహేనేళ్లు ఉంటాయని గోండుల్లో చెప్పుకుంటారు. ఆ తర్వాత కుటుంబం కెరమెరి దగ్గర సుర్ధాపూర్‌కు వెళ్లి, పొదలు నరికి, నేల చదును చేసి పంట వేసింది. పంట చేతికొచ్చే సమయానికి ఆ భూమి తనదంటూ సిద్దిఖీ అనే పట్టాదారు వచ్చాడు. మాటామాటా పెరిగింది. భీం కొట్టిన దెబ్బకు ఆ మనిషి చనిపోయాడు. ఒక ప్రాణం పోయింది, ఇంకో మనిషి ఇల్లూ ఊరూ వదిలి పారిపోవాల్సి వచ్చింది. తగాదా మూలం ఇద్దరి మతంలో లేదు. ఒకడు దున్నిన నేలకు ఇంకొకడి పేరు మీద కాగితం ఉండటంలో ఉంది.

అక్కడి నుంచి భీం బల్లార్షా మీదుగా చాందా చేరారు. ఒకప్పుడు తన వాళ్లు ఏలిన పట్నంలోనే ఒక అచ్చాఫీసులో పనికి కుదిరారు. చదవడం, రాయడం, ఉర్దూ, హిందీ అక్కడే నేర్చుకున్నారని చెబుతారు. ప్రెస్ యజమాని అరెస్టు కావడంతో అస్సాం తేయాకు తోటలకు కూలీగా వెళ్లారు. తోటల్లో కూలీల తరఫున నిలబడి జైలు పాలయ్యారని, తప్పించుకుని తిరిగి వచ్చారని గూడేల్లో నిలిచిన కథ. తిరిగొచ్చాక కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ దగ్గర పని చేశారు. ఆసిఫాబాద్ కచేరీలో నలుగుతున్న పటేల్ భూమి కేసును భీం దగ్గరుండి నడిపించారు. గోండు మనిషి కచేరీలో నిలబడి మాట్లాడి గెలవడం గూడేల్లో పెద్ద వార్త అయింది. సోంబాయిని పెళ్లి చేసుకున్నది కూడా ఆ రోజుల్లోనే.

బాబేఝరి, జోడేఘాట్

ఆ తర్వాత భీం కొన్ని గోండు, కోలాం కుటుంబాలతో కలిసి బాబేఝరి కొండల్లో అడవి కొట్టి ఊళ్లు కట్టారు. మొత్తం పన్నెండు గూడేలు. అడవి శాఖకు అది రిజర్వు. సిబ్బంది వచ్చి గుడిసెలు తగలబెట్టారు, పంటలు పాడుచేశారు. వాళ్లు మళ్లీ కట్టుకున్నారు. భీం ముందుగా ఆయుధం పట్టలేదన్న సంగతి చాలా కథల్లో రాదు. ఆయన దరఖాస్తులు పెట్టారు. అధికారుల దగ్గరికి తిరిగారు. హైదరాబాద్ దాకా వెళ్లి నిజామ్‌ను కలవాలని చూశారు, దర్బారు దొరకలేదు. సర్కారు తరఫున రాయబారం కూడా నడిచింది. కొందరికి పట్టాలు ఇస్తాం, అప్పులు మాఫీ చేస్తాం అన్నారు. భీం ఒప్పుకోలేదు. మనిషికో ముక్క ఇస్తే ఆయన అడిగింది దొరికినట్టు కాదు. పన్నెండు ఊళ్లకూ తమ నీళ్లు, తమ అడవి, తమ నేల మీద పెత్తనం కావాలన్నది ఆయన కోరిక. పాత గోండు రాజ్యంలో ఊరికి ఉన్న పెత్తనం అదే.

జల్, జంగల్, జమీన్ అనే నినాదం ఆయన పేరుతో నిలిచిపోయింది. అందులో జంగల్, జమీన్ అనేవి ఉర్దూ కచేరీ కాగితాల్లో రోజూ నలిగే మాటలే. గోండుల నుంచి అడవిని, నేలను తీసుకున్న భాషలోనే వాటిని తిరిగి అడిగిన నినాదం అది.

1940లో పోలీసు బలగం జోడేఘాట్ గుట్టను చుట్టుముట్టింది. దారి చూపింది కుర్దు పటేల్ అనే గోండు మనిషేనని చెప్పుకుంటారు. ఆ రాత్రి కాల్పుల్లో భీం, ఆయన అనుచరులు మరికొందరు చనిపోయారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో ఆయన వర్ధంతి జరుగుతుంది.

చావు తర్వాత వచ్చిన మార్పు

జోడేఘాట్ కాల్పులు హైదరాబాద్ సర్కారును కదిలించాయి. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పని వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన భార్య ఎలిజబెత్‌తో కలిసి జైనూర్ దగ్గర మార్లవాయి గూడెంలో కాపురం పెట్టి, గోండీ నేర్చుకుని, ఊరూరా తిరిగారు. తేలింది ఒక్కటే: గోండులు రాజద్రోహులు కారు, భూమి పోగొట్టుకున్నవాళ్లు. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. పిల్లలకు గోండీలోనే వాచకాలు వచ్చాయి. వేలాది కుటుంబాలకు పట్టాలు అందాయి. 1356 ఫస్లీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి మారకుండా ఆపే 1/70 చట్టం దాకా సాగిన దారిలో అదొక మెట్టు. భీం బతికుండగా వినని మాటను ఆయన పోయాక అదే సర్కారు వినాల్సి వచ్చింది.

ఎవరి కథ

సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన నవల భీం కథను తెలంగాణ అంతటా చేర్చింది. తర్వాత సినిమాలు వచ్చాయి. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్‌లో భీం టోపీ పెట్టుకుని ముస్లిం వేషంలో కనిపిస్తే పెద్ద గొడవే నడిచింది. ఆ సినిమా కథ కల్పితం. కానీ ఆ గొడవ చూస్తే భీంను ఒక మతానికి ఎదురుగా నిలబెట్టాలన్న తొందర కొందరికి ఎంత ఉందో అర్థమవుతుంది. చరిత్ర అంత సులువుగా రెండు ముక్కలు కాదు. భీంను వేటాడిన అధికారుల్లో ముస్లింలు ఉన్నారు. ఆ మాట దాచాల్సిన పని లేదు. గోండుల భూములు రాయించుకున్న పట్టాదారుల్లో, అప్పులిచ్చినవాళ్లలో అన్ని కులాలవాళ్లు, మతాలవాళ్లు ఉన్నారు. జాడ చెప్పింది గోండు మనిషేనని గోండులే అంటారు. ఇదే అడవి అంచున, నిర్మల్‌లో, 1857 తిరుగుబాటు తర్వాతి రోజుల్లో గోండులు, రోహిల్లాలు భుజం భుజం కలిపి ఇంగ్లీషువాళ్లతో పోరాడారు. 1860లో రాంజీ గోండుతోపాటు రోహిల్లాలనూ ఉరి తీశారు. ఒకే మర్రిచెట్టుకు రెండు జాతుల మనుషులు వేలాడారని నిర్మల్ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

2016లో ఆసిఫాబాద్ జిల్లాకు భీం పేరు పెట్టారు. 2023 జూన్‌లో పోడు పట్టాల పంపిణీ అదే ఆసిఫాబాద్ నుంచి మొదలైంది. జోడేఘాట్‌లో కాల్పులు జరిగి అప్పటికి దాదాపు 83 ఏళ్లు. దున్నుకునే నేల తమదేనని రాసి ఉన్న కాగితం కోసం ఆ రోజు వరుసలో నిలబడినవాళ్లు చాలామంది భీం మనవలు, మునిమనవల వయసువాళ్లు. కాగితం ఇంకా అందనివాళ్లు నేటికీ అడవి శాఖ గీసిన హద్దు పక్కనే విత్తనాలు వేస్తున్నారు.