రినో డెల్లా నెగ్రా: పగలు గ్రౌండ్‌లో బంతి.. చీకటి పడితే చేతిలో తుపాకీ! 20 ఏళ్లకే నాజీల తూటాలకు బలైన ఫుట్‌బాలర్ కథ

ఆటలో ఇప్పుడిప్పుడే పేరొస్తోంది. పారిస్‌లోని పెద్ద క్లబ్‌ పిలిచి మరీ జెర్సీ ఇచ్చింది. ఇంకొన్నేళ్లు ఆడితే ఫ్రాన్స్ మొత్తం అతడి పేరు మార్మోగేదేమో. కానీ ఆ కుర్రాడు వేరే దారి ఎంచుకున్నాడు. చివరికి జైలు గదిలో రాసిన ఉత్తరంలోనూ తన టీమ్‌ను మర్చిపోలేదు. ఇంతకీ ఎవరీ రినో డెల్లా నెగ్రా? 80 ఏళ్లు దాటినా పారిస్ శివార్లలో ఫ్యాన్స్ అతడిని ఎందుకు తలచుకుంటున్నారు?

వలస కుటుంబం.. ఫ్యాక్టరీ పని

రినో 1923 ఆగస్టు 18న ఉత్తర ఫ్రాన్స్‌లోని విమీ అనే ఊళ్లో పుట్టాడు. తల్లిదండ్రులది ఇటలీ. బతుకుదెరువు కోసం ఫ్రాన్స్‌కు వలస వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో భీకర పోరు జరిగిన ఊరు విమీ. రినోకు మూడేళ్లప్పుడు కుటుంబం పారిస్‌కు వాయవ్యంగా ఉన్న అర్జాంతోయ్‌కు మారింది. అక్కడి మజగ్రాన్ పేట నిండా ఇటలీ నుంచి వచ్చిన కూలీల కుటుంబాలే. ముస్సోలినీ పాలన భరించలేక పారిపోయి వచ్చినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఫాసిజం అంటే ఏంటో రినో పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. ఇరుగుపొరుగు మాటల్లో వింటూ పెరిగాడు.

14 ఏళ్లకే చదువు ఆగిపోయింది. అనియేర్‌లోని షోసోన్ ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. పని అయిపోతే చాలు, కాళ్లు గ్రౌండ్ వైపే లాగేవి. అర్జాంతోయ్‌లోని లోకల్ టీమ్‌లలో ఆడుతూ రైట్ వింగర్‌గా గుర్తింపు తెచ్చుకున్నాడు. అతడి బలం వేగం. బంతితో కుడివైపు లైన్ వెంట దూసుకెళ్తే డిఫెండర్లు వెనకే ఉండిపోయేవారు.

ఒక్క ఆర్డర్‌తో మారిపోయిన జీవితం

1940లో ఫ్రాన్స్ జర్మనీ చేతిలో ఓడిపోయింది. పారిస్‌లో నాజీ సైన్యం తిష్ట వేసింది. విషీ నుంచి నడిచిన ఫ్రెంచ్ ప్రభుత్వం వాళ్లకు సహకరించింది. జర్మనీ ఫ్యాక్టరీల్లో పనివాళ్ల కొరత రావడంతో ఫ్రెంచ్ యువకులను బలవంతంగా అక్కడికి పంపేందుకు 1943 ఫిబ్రవరిలో ఏకంగా చట్టమే తెచ్చారు. రినోకు కూడా వెళ్లాల్సిందేనని ఆర్డర్ వచ్చింది.

వెళ్తే నాజీల యుద్ధానికి పని చేయాలి. వెళ్లకపోతే పోలీసులు వెతుకుతారు. రినో వెళ్లలేదు. ఇల్లు వదిలి అజ్ఞాతంలోకి జారుకున్నాడు.

అలా తప్పించుకున్న కుర్రాళ్లు చాలామంది పల్లెల్లో తలదాచుకున్నారు. రినో మాత్రం ఒక అడుగు ముందుకేశాడు. విదేశీ కార్మికులు, వలస కుటుంబాల పిల్లలు కలిసి కమ్యూనిస్టుల ఆధ్వర్యంలో నడిపిన ఎఫ్‌టీపీ-ఎంఓఐ అనే సాయుధ దళంలో చేరాడు. మొదట ఇటాలియన్ల గ్రూప్‌లో పనిచేశాడు. 1943 జూన్‌లో పారిస్‌లోని ఇటలీ ఫాసిస్ట్ పార్టీ ఆఫీస్‌పై జరిగిన దాడిలో పాల్గొన్నాడు. ఆ ఏడాది ఆగస్టులో పారిస్ ప్రాంత దళాల సైనిక బాధ్యత ఆర్మేనియన్ కవి మిసాక్ మనూషియన్ చేతికొచ్చింది.

అజ్ఞాతంలో ఉంటూనే రెడ్ స్టార్‌కు!

ఇక్కడే అసలు ట్విస్ట్. పోలీసుల కంటపడకుండా తిరగాల్సిన కుర్రాడు ఫుట్‌బాల్‌ను మాత్రం వదల్లేకపోయాడు. అదే 1943లో పారిస్ పక్కనే సాంతూవాన్‌లో ఉన్న రెడ్ స్టార్ క్లబ్‌లో చేరాడు. ఇది ఆషామాషీ క్లబ్ కాదు. ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు పునాది వేసిన జూల్ రిమే 1897లో స్థాపించిన క్లబ్ ఇది. అంతకు ముందు ఏడాదే ఫ్రెంచ్ కప్ కూడా గెలిచింది. అలాంటి టీమ్ జెర్సీ దొరికితే ఏ కుర్రాడైనా ఎగిరి గంతేస్తాడు.

కానీ రెడ్ స్టార్‌లో రినో ఉన్నది కొద్ది కాలమే. ఒకవైపు ట్రైనింగ్, మ్యాచ్‌లు.. మరోవైపు రహస్య మీటింగ్‌లు, దాడులు. ఏ రోజు ఏమవుతుందో తెలియని బతుకు.

నవంబర్ 12న ఏం జరిగింది?

1943 నవంబర్ 12. పారిస్ నడిబొడ్డున లా ఫాయెట్ వీధి. జర్మన్ల డబ్బు తీసుకెళ్తున్న సిబ్బందిపై దళం దాడి చేసింది. ప్లాన్ బెడిసికొట్టింది. కాల్పుల్లో రినో తీవ్రంగా గాయపడ్డాడు. తోటి సభ్యుడు రాబర్ట్ విట్‌చిట్జ్‌తో పాటు అతడూ దొరికిపోయాడు. నాలుగు రోజులకే మనూషియన్ కూడా అరెస్టయ్యాడు. నెలల తరబడి నీడలా వెంటాడి దళాన్ని పట్టుకున్నది జర్మన్లు కాదు, ఫ్రెంచ్ పోలీసుల స్పెషల్ బ్రిగేడ్!

జర్మన్ మిలిటరీ కోర్టు 23 మందికి మరణశిక్ష వేసింది. 1944 ఫిబ్రవరి 21న పారిస్ శివార్లలోని మోన్ వలేరియన్ కోట దగ్గర 22 మంది మగవాళ్లను కాల్చి చంపారు. అందులో రినో ఒకడు. వయసు 20 ఏళ్ల ఆరు నెలలు. శిక్ష పడినవారిలో ఏకైక మహిళ ఓల్గా బాన్సిక్‌ను జర్మనీకి తరలించి, మే 10న స్టుట్‌గార్ట్‌లో తల నరికి చంపారు.

ఈ దళాన్ని విదేశీ నేరస్థుల ముఠాగా చూపించేందుకు నాజీలు ఎర్ర రంగు పోస్టర్లు అచ్చేసి గోడల మీద అంటించారు. వాటిలో పది మంది ఫొటోలున్నాయి. రినో ఫొటో లేదు. ఫ్రాన్స్‌లోనే పుట్టి పెరిగిన ఫుట్‌బాలర్ ముఖం పెడితే ఆ ప్రచారం అంతగా అతికేది కాదు కదా!

చివరి ఉత్తరంలో టీమ్‌కు వీడ్కోలు

కాల్చే ముందు రినో అమ్మానాన్నలకు, తమ్ముడికి ఉత్తరాలు రాశాడు. వాటిలో పశ్చాత్తాపం కనిపించదు. ధైర్యంగా ఉండమని తమ్ముడికి చెప్పాడు. అర్జాంతోయ్‌లో ఉన్న వాళ్లందరికీ పేరుపేరునా ముద్దులు పంపాడు. తనను తలచుకుని అందరూ కలిసి విందు చేసుకోమన్నాడు. రెడ్ స్టార్ టీమ్ మొత్తానికి నమస్కారం, వీడ్కోలు చెప్పమన్నాడు. కొన్నాళ్లే కలిసి ఆడిన టీమ్ అది. అయినా చావు ముందు గుర్తొచ్చింది.

ఆ వీడ్కోలును క్లబ్ మర్చిపోలేదు. రెడ్ స్టార్ సొంత మైదానం స్టాడ్ బోయర్‌లో 2004లో అతడి పేరుతో ఫలకం పెట్టారు. ఫ్యాన్స్ ఓ స్టాండ్‌ను రినో పేరుతోనే పిలుచుకుంటారు. ఆ స్టేడియానికి పేరొచ్చింది కూడా 1942లో అదే మోన్ వలేరియన్ దగ్గర నాజీలు కాల్చి చంపిన ఓ డాక్టర్ వల్లే.

సరిగ్గా 80 ఏళ్ల తర్వాత, 2024 ఫిబ్రవరి 21న మనూషియన్‌కు ఫ్రాన్స్ మహనీయుల స్మారకం పాంథియోన్‌లో చోటిచ్చింది. ఆయన సహచరుల పేర్లనూ అక్కడ చెక్కారు. వాటిలో రెడ్ స్టార్ రైట్ వింగర్ పేరు కూడా ఉంది. అదే సీజన్‌లో రెడ్ స్టార్ మూడో డివిజన్ టైటిల్ కొట్టి రెండో డివిజన్‌కు చేరింది. రినో ఆ టీమ్‌కు ఆడింది తక్కువే. కానీ ఆ మైదానంలో అతడి పేరు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.