ఆకులో దాగిన మందు

మన హాస్టల్లో తోటకూర పప్పు పెట్టిన రోజు కంచాల పక్కన ఆకు కుప్పలు పడి ఉంటాయి. నేనూ అలాగే ఏరి పడేసేదాన్ని. యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం చదివాక మానేశాను. అందుకే ఆయన గురించి రాస్తున్నాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మన చల్లపల్లి కృష్ణా డెల్టాలో ఉన్నట్టే భీమవరం గోదావరి డెల్టాలో ఉంది. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఆయన మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. తల్లి నగలు అమ్మి చదివించింది. తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అక్కడ ఖద్దరు కట్టుకున్నందుకు ఒక దొర ప్రొఫెసరుకి కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటే తక్కువైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే వచ్చింది.

ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బు వస్తే విరేచనాలు ఆగవు, తిన్నది ఒంటబట్టదు, రక్తం తగ్గిపోతుంది. ఆయనకీ అదే జబ్బు వచ్చింది గానీ బతికారు.

తర్వాత అమెరికా వెళ్లారు. రాత్రిళ్లు ఆస్పత్రిలో చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డులో చదివారు. 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. 1941లో వేరే శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుంచి కొంచెం పదార్థం తీసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో ఫోలియం అంటే ఆకు. అన్ని ఆకులు కావాలంటే రోగులందరికీ ఎలా సరిపోతుంది? సుబ్బారావు గారి బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసింది. స్ప్రూ రోగులు దానితో కోలుకున్నారు. ఆయన అన్నదమ్ములకి మాత్రం అది అందలేదు. బోదకాలు జబ్బుకి వాడే మందు కూడా ఆయన బృందం కనిపెట్టిందే. ఆయన మళ్లీ మన దేశం రాకుండానే 1948 ఆగస్టులో న్యూయార్కులో చనిపోయారు.

ఆకులో ఇంకో పదార్థం కూడా ఉంది. అది బీటా కెరోటిన్. దాన్ని సుబ్బారావు గారు కనిపెట్టలేదు, కానీ మనకి అదీ ముఖ్యమే. దాని రంగు నారింజ. క్యారెట్లో, బొప్పాయి పండులో పైకి కనపడుతుంది, ఆకులో పచ్చదనం కింద దాక్కుంటుంది. మన శరీరం దాన్ని విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. కూరలో కాస్త నూనె ఉంటే బాగా ఒంటబడుతుంది. విటమిన్ ఎ తక్కువైతే రేచీకటి వస్తుంది. ఇంకా ముదిరితే చూపే పోవచ్చు.

మా చెల్లికి దీపాలు పెట్టే వేళకి కళ్లు కనపడేవి కాదు. గోడ పట్టుకుని నడిచేది. మేము గాలి సోకిందని తాయెత్తు కట్టించాం. నర్సమ్మ వచ్చి విటమిన్ ఎ మందు పోశాక తగ్గింది. మా గుడిసె పక్కనే మునగ చెట్టు, కాలవ గట్టు మీద పొన్నగంటి కూర ఉన్నాయి. వాటిని మేకలకి వేసేవాళ్లం. మాకు తెలియలేదు.

సుబ్బారావు గారి అన్నదమ్ములు ఉన్న కాలంలో స్ప్రూకి ఈ మందు తెలియదు. ఇప్పుడు మనకి తెలుసు. కాబట్టి చెల్లెళ్లారా, రేపు ఆకు ఏరి పడేసే ముందు ఒక్కసారి ఆలోచించండి.