రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు



మన నల్లగండ్లలో నేడు ఏ అపార్టుమెంటు మెట్లెక్కి ఏ యింటి తలుపు తట్టినను, పిల్లల చేతిలో ఒక చిన్న తెర కనిపించును. ఆ తెరలో లోకమందలి బొమ్మలన్నియు ఆడును, పాటలన్నియు వినబడును. ఒకప్పుడు వారమంతయు కాచుకొనియుండి, పిల్లల గొంతు వినిపించు కొంచెము సేపటికొరకు ఒక చెక్కపెట్టె ముందు వీధి బిడ్డలందరు చేరి కూర్చుండెడివారని ఆ చిన్నవారితో చెప్పిన నమ్మరు. ఆ పెట్టె రేడియో. అందులోనుండి తెలుగు బిడ్డలను పేరుపేరున పిలిచిన న్యాయపతి రాఘవరావుగారి జీవితమును ఈ నెల మీ ముందుంచుచున్నాము.

రాఘవరావుగారు 1905వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన బరంపురములో జన్మించిరి. ఆ దినములలో బరంపురము చెన్నపట్నపు రాజధానిలోని గంజాము జిల్లాకు చెందిన పట్టణము. తెలుగువారు అక్కడ మిక్కిలిగా నుండిరి. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఆ ఊరు దానిలో చేరిపోయెను. పిదప వారు పేరు తెచ్చుకొన్న చెన్నపట్నమును 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు దక్కలేదు. తెలుగు బిడ్డలందరికి అన్నయ్య యనిపించుకొన్న మనిషి పుట్టిన ఊరొకటి, పనిచేసిన ఊరొకటి, రెండును నేటి తెలుగునాటి ఎల్లలకు వెలుపల నుండుట చిత్రము. రేడియో మాటకు మాత్రము ఎల్లరాళ్ళు అడ్డము రాలేదు. గాలిలో పోవునది బరంపురములోను వినబడెను, బళ్ళారిలోను వినబడెను.

చదువు ముగిసిన తరువాత వారు పత్రికా విలేఖరిగా పనిచేసిరి. రచయితగా కలము పట్టిరి. ఆ మార్గముననే సాగిపోయినయెడల మంచి జర్నలిస్టు అనిపించుకొని యుందురేమో. అయితే 1938 జూన్ 16న చెన్నపట్నములో ఆలిండియా రేడియో కేంద్రము ప్రారంభమాయెను. అప్పటి ప్రధానమంత్రి రాజగోపాలాచారిగారు. (ఆ దినములలో రాష్ట్రపు ముఖ్యమంత్రిని ప్రధానమంత్రి యనుట వాడుక.) ఆ ఒక్క కేంద్రమే అరవమునకును తెలుగునకును వేదిక. ప్రొద్దు పంచుకొని రెండు భాషలవారును మాటలాడవలెను, పాడవలెను. ఆ కొద్దిపాటి తెలుగు వంతులో పిల్లలకని కొంత కాలము లభించినది. ఆ కాలమును నింపువారు కావలసివచ్చిరి. రాఘవరావుగారును, వారి భార్య న్యాయపతి కామేశ్వరిగారును ఆ పనికి పూనుకొనిరి. కామేశ్వరిగారు 1908లో జన్మించినవారు.

ఇచ్చట ఒక్క విషయము చెప్పవలెను. ఆయన రేడియో అన్నయ్య, ఆమె రేడియో అక్కయ్య. మన యిండ్లలో అన్నయ్య భార్యను వదిన యందుము గాని అక్కయ్య యనము. ఆలుమగలను అన్నయ్య, అక్కయ్య అని పిలుచుట వినిన మరియొకచోట పెద్దలు చెవులు మూసికొందురు. రేడియో ముందు కూర్చున్న బిడ్డకు ఆ చిక్కు తోచనే లేదు. ఆయన ఎవరి భర్త, ఆమె ఎవరి భార్య అనునది బిడ్డ అడుగలేదు. వారిద్దరును తనకు ఏమగుదురన్నదే వానికి కావలెను. ఈ పేర్లు ఎంత గట్టిగా నిలిచినవనగా, న్యాయపతి యనిన ఎవరని అడుగువారుకూడ రేడియో అన్నయ్య యనిన తల యూపుదురు. ఆ దంపతులకు సంతానము లేదు. ఈ సంగతిని కొందరు మిక్కిలి జాలిగా చెప్పుదురు. జాలిపడవలసినంత ఖాళీ ఆ యింటిలో ఉండెనా యని నాకు అనుమానమే. ఎప్పుడును పిల్లల రాకపోకలతో నిండిన ఇల్లది.

వారి పనిలోని విశేషమేమి? అంతకుముందు పిల్లలకు కథ చెప్పు పెద్దలు లేకపోలేదు. పెద్దవారు మాటలాడుట, పిల్లలు చేతులు కట్టుకొని వినుట అన్నది మన వాడుక. బడిలోను అంతే, యింటిలోను అంతే. రాఘవరావుగారు పిల్లలనే మైకు ముందు నిలిపిరి. పాట పాడునది పిల్లవాడే, నాటకములో రాజు పిల్లవాడే, మంత్రి మరియొక పిల్లవాడే, పొడుపుకథ వేయునది ఒక చిన్నపిల్ల. అన్నయ్య అక్కయ్యలు ప్రక్కన నుండి మాటకు మాట అందించుదురు. కొంటె ప్రశ్న వేసినవానిని గద్దింపరు. వినువాడు వేరొక ఊరిలో ఎక్కడనో కూర్చుండి, ఆ గొంతు తన యీడువానిదని గుర్తుపట్టి, నేనును పాడగలను గదా యని తలంచును. ఆ తలంపు ఎందరి బిడ్డలలో పుట్టెనో లెక్క వ్రాసినవారు లేరు.

ఇది చెప్పినంత సులభము కాదు. 1940 ప్రాంతమున టేపుమీద పట్టియుంచి, తప్పులు కోసివేసి, మరునాడు వినిపించు సదుపాయము లేదు. మాటలాడినది మాటలాడినట్లే ఆ క్షణముననే పోవును. స్టూడియోలో ఎఱ్ఱదీపము వెలిగిన తరువాత ఒక బిడ్డ దగ్గినను, కాగితము గరగరలాడినను, మాట మరచి నిలిచిపోయినను, అదంతయు ఊరూర వినబడును. ఏడెనిమిదేండ్ల బిడ్డను కదలక నిలిపి, భయము పోగొట్టి, తన వంతు వచ్చువరకు నవ్వకుండ ఆపుట యెంత కష్టమో బిడ్డలచేత కార్యక్రమము చేయించిన ప్రతి ఉపాధ్యాయునికిని తెలియును. మాట మరచిన బిడ్డను వినువారికి తెలియకుండ చేయిపట్టి దాటించుట ఒక విద్య. ఆ విద్య ఆ దంపతులకు అబ్బినది.

రేడియోలో లభించు కాలము కొంచెమే. మైకు ముందు నిలువగల బిడ్డలు కొందరే. మిగిలినవారి సంగతియేమి? ఈ ప్రశ్న వారిని 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించునట్లు చేసెను. అక్కడ పిల్లలు కూడి పాటలు, ఆటలు, నాటకములు నేర్చుకొనిరి. రేడియోకు ఎక్కినను ఎక్కకున్నను అందరికిని అందులో చోటుండెను. నా మట్టుకు నేను ఆయన చేసిన పనులలో దీనినే పెద్దదిగా ఎంచుదును. రేడియోలో పేరు వచ్చును. సంఘము నడుపుటలో పేరుకంటె చాకిరి మెండు. చాపలు పరచుట, పిల్లలను లెక్కపెట్టి ఇండ్లకు పంపుట, తల్లిదండ్రులకు సమాధానము చెప్పుట మొదలైన పనులు ఏ రేడియోలోను వినబడవు.

1945లో వారు "బాల" యను మాసపత్రికను ప్రారంభించిరి. యుద్ధము అప్పుడే ముగియుచున్నది. కాగితము కరవు. "చందమామ" పుట్టుటకు ఇంకను రెండేండ్లున్నది, అది 1947 జూలైలో గాని రాలేదు. అట్టి సమయమున పిల్లలకొరకు పత్రిక పెట్టుట సాహసమే. "బాల"లో పిల్లలు వ్రాసినవియు, గీసినవియు అచ్చువేయుచుండిరి. ముళ్ళపూడి వెంకటరమణ అను బాలుని మొదటి కథ 1945లో ఆ పత్రికలోనే వెలువడెను. అప్పటికి అతనికి పదునాలుగేండ్లు. బాపు అను మరియొక బాలుని తొలి బొమ్మలును అందులోనే అచ్చయ్యెను. బాపు రమణలెవరో తెలుగు చదువరికి చెప్పనక్కరలేదు. పిల్లవాడు పంపిన కాగితమును చిత్తుబుట్టలో వేయకుండ అచ్చుకు పంపిన సంపాదకునిగూర్చి మాత్రము మనము తరచుగా తలంచము.

ఈలోగా తెలుగు రేడియో పెరిగినది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వచ్చినది. హైదరాబాదులో నిజాము కాలమునుండి నడుచుచున్న దక్కను రేడియోను 1950 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వము తీసికొనెను. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. ఆ సంవత్సరముననే రాఘవరావు దంపతులు చెన్నపట్నము విడిచి హైదరాబాదునకు వచ్చిరి. వయస్సు ఏబది దాటిన తరువాత, పదునెనిమిదేండ్ల పేరును, తెలిసిన వీధులను వదలి, తెలియని నగరములో తిరిగి మొదలుపెట్టుట అందరివల్ల కాదు. బాలానంద సంఘము నారాయణగూడలో నిలదొక్కుకొనెను. మన లింగంపల్లి, నల్లగండ్ల వైపు నాడు పొలములును చెరువులునే.

హైదరాబాదు కేంద్రమునుండి బాలానందము ఆదివారము మధ్యాహ్నము వచ్చుచుండెను. ఉదయమున ఆరాధన ముగించుకొని వచ్చి, భోజనములు చేసి, రేడియో చెవి త్రిప్పిన యిండ్లు మన సంఘస్థులలో ఎన్ని యుండెనో పెద్దలు చెప్పగలరు. అందరి యిండ్లలోను రేడియో లేదు. సెట్టు ఖరీదు ఒక ఎత్తు, ఏటేట పోస్టాఫీసులో కట్టవలసిన లైసెన్సు రుసుము మరియొక ఎత్తు. కావున రేడియో ఉన్న యింటి అరుగు ఆ సమయమున నిండిపోవును. పల్లెలలో పంచాయతీ రేడియో వద్ద చేరుదురు.

ఒక్క మాట దాచక చెప్పవలసియున్నది. ఆనాటి రేడియో తెలుగు, కోస్తా జిల్లాల చదువుకొన్నవారి తెలుగు. మన తెలంగాణపు బిడ్డ యింట మాటలాడు మాటకు అందులో చోటు తక్కువ. విను బిడ్డకు కథ నచ్చును, పాట నచ్చును, కాని తన నానమ్మ మాట మాత్రము ఆ పెట్టెలో వినబడదు. ఇది ఒక్క మనిషి తప్పు కాదు. ఆ కాలపు బడిపుస్తకములును, పత్రికలును అట్లే యుండెను. అయినను అన్నయ్యగారిని మెచ్చుకొనుచు దీనిని విడిచిపెట్టుట సరికాదని తోచినది.

1977 అక్టోబరు 23న హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము మొదలాయెను. కన్ను చెవిని మించునది గనుక పిల్లలు మెల్లగా అటు తిరిగిరి. రేడియో అక్కయ్య కామేశ్వరిగారు 1980లో కన్నుమూసిరి. నాలుగు దశాబ్దములు ఒకే మైకుకు ఇరువైపుల నిలిచిన జంటలో ఒకరు పోయిన తరువాత రెండవవారి గొంతు ఎట్లుండునో, దీర్ఘకాలము కలిసి బ్రతికి ఒంటరియైన వారికి తెలియును. రాఘవరావుగారు మరి మూడేండ్లకు పైగా బ్రదికిరి. 1984 ఫిబ్రవరి 24న మరణించిరి. అప్పటికి వారికి డెబ్బదియెనిమిదేండ్లు.

చెన్నపట్నపు తొలి ప్రసారములు టేపుమీదికి ఎక్కలేదు గనుక ఆ గొంతులు గాలిలోనే కలిసిపోయినవి. అవి వినినవారు మాత్రము ఇంకను కొందరున్నారు. ఎనుబది దాటిన వారెవరైన మీ యింట నుండినయెడల, ఒక ఆదివారము భోజనమైన తరువాత ప్రక్కన కూర్చుండి, రేడియో అన్నయ్యను మీరు వింటిరా తాతయ్యా, అని అడిగి చూడుడు.